సర్కారు పైసలకు జాగ

నాగర్‌కర్నూల్‌ల పొద్దున ఎనిమిదింటి బస్సెక్కి, తిమ్మాజిపేట దాటినంక ఒక చిన్న ఊర్ల దిగుతుంటి. గక్కడ మా సహకార బ్యాంకు ఉండె. రెండు రూములు, ఒక ఇనుప బీరువా, మేనేజర్ సారు, నేను. గంతే బ్యాంకు. ఇరవై ఏండ్ల కింది మాట. ఇప్పటికీ ఆ కౌంటర్ కాడ కూసోవాలని పానం గుంజుతది.

ఆ ఏడు మా బ్యాంకును మూసి నాగర్‌కర్నూల్ శాఖల కలుపుతరని మాట లేసింది. తప్పించుకునేతందుకు ఒక్కటే తొవ్వ. పంచాయతీల పైసలు, బడుల పైసలు మా దగ్గర పెట్టుకునే మంజూరు సర్కారు నుంచి రావాలె. అడగంగనే ఇస్తరా? బీరువకు రెండు తాళాలుండాలె, ఒక తాళపుచెవి సారు కాడ, ఒకటి నా కాడ. ఆడిట్ల మచ్చ ఉండొద్దు. అన్నిటికన్న పెద్దది, ఊరోళ్లు దాసుకున్న పైసలు సర్కారు పెట్టిన లెక్కకన్న తగ్గొద్దు. జనం నమ్మని బ్యాంకును సర్కారెట్ల నమ్ముతది? సారు ఆర్నెల్లు ఆ కాయితాల మీదనే పడ్డడు. అన్నీ కుదిరినయి. సోమవారం జిల్లా నుంచి ఆఫీసరు వస్తడని కబురొచ్చింది.

నా నోరు ఆగుతదా? కౌంటర్ కాడికొచ్చినోళ్లకల్ల చెప్పిన, "ఇగ జూడుండ్రి, మన బీరువల సర్కారు పైసలుంటయి!"

శుక్రవారం పదిమంది దాక వచ్చి పైసలు తీస్కపోయిండ్రు. పెండ్లిళ్ల దినాలు గద అనుకున్న. శనివారం తలుపు తియ్యకముందే లైను. సారు ఉరికొచ్చి తలుపు తీసిండు. పల్లికాయ అమ్మిన పైసలు ఏండ్లసంది మా దగ్గర్నే దాసుకునే అవ్వ ముందల నిలబడ్డది.

"బ్యాంకు మునుగుతదని ఎవరన్న చెప్పిండ్రా అవ్వా?" అని సారు అడిగిండు.

"అయ్యో, గదేం మాట సారు! సర్కారు పైసలొస్తున్నయంట గద. గీ ఒక్క బీరువల అవి పెడ్తరా, మాయి పెడ్తరా? పెద్ద సుట్టమొస్తే మంచం ఖాళీ జెయ్యమా?"

సారు నెత్తి పట్టుకుని అందరికీ చెప్పిండు, మీ పైసలుంటేనే అవి వస్తయి, తియ్యకుండ్రి అని. వింటరా? "మొగమాటపడకుండ్రి సారు, మా ఇండ్లల్ల జాగ ఉంది" అని నవ్విండ్రు. అడిగినోళ్ల పైసలు ఇయ్యనంటే అది ఇంకో తప్పు. ఇచ్చినం.

సోమవారం ఆఫీసరు ఖాతాల పుస్తకం తిప్పి, కిందున్న లెక్క చూసి పెన్నుకు మూత పెట్టిండు. సారు జరిగింది జరిగినట్టు చెప్పిండు. "కథ మంచిగనే అల్లిండ్రు" అని ఆయన జీపెక్కిండు.

ఊరోళ్లు ఉతికిన బట్టలు కట్టుకుని బయటనే నిలబడి ఉండిరి. అవ్వ కిటికీల నుంచి తల పెట్టి, "సారూ, జాగ సరిపాయెనా?" అన్నది.

సారు నా దిక్కు చూడలేదు. "సరిపాయె అవ్వా" అన్నడు.

ఆ ఎండకాలమే బ్యాంకు మూసిండ్రు. సారును ఎక్కడికో దూరం ఏసిండ్రు, మళ్ల కలవలేదు. ఇదంత నా నోటితోని అయ్యిందని సారుకు తెలుసు. ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండు. ఆ తిట్టు కోసమన్న ఒక్కసారి సారును చూడాలనిపిస్తది.