సుంకమ్మ ఇంటి నుంచి వచ్చిన వైరు

మా బుక్కరాయసముద్రంలో మైకు సెట్టు అంటే ఓబుళేసుదే. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను, దాని పాటను పెద్దది చేసే యాంప్లిఫయర్ పెట్టె, ఒక లారీ బ్యాటరీ, మాట్లాడే మైకు, రెండు లౌడ్‌స్పీకరు గొట్టాలు. వాటిని ఎద్దుల బండిలో వేసుకుని చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ తిరిగేవాడు. పంతొమ్మిది వందల అరవైలో జ్వరం వచ్చి పోయాడు. దినాలు కాగానే ఊరి పెద్దమనుషులు నలుగురు ఆయన పెళ్లాం సుంకమ్మ గడపలో కూర్చుని, సెట్టు అమ్మేయమని సలహా చెప్పారు. అడక్కుండా సలహా చెప్పడంలో మా ఊరిని మించిన ఊరు లేదు.

"ఎందుకు అమ్మల్ల?" అంది సుంకమ్మ.

"ఆడదానివి. దాన్ని పెట్టుకుని ఏం చేసుకుంటావు?"

"వాయించుకుంటా."

నలుగురూ కండువాలు దులుపుకుని లేచిపోయారు.

ఆమెకు అప్పటికి సెట్టు గురించి తెలిసింది తక్కువే. మొగుడు చేస్తుంటే చూసింది, అంతే. ఇంట్లో నడిమింట పెట్టెలు పరిచి, వైరు ఒక కొస యాంప్లిఫయర్‌కూ, రెండో కొస గొట్టానికీ తగిలించింది. గ్రామఫోను మీద పాట ప్లేటు పెట్టి ముల్లు ఆనించింది. గొట్టం మూగది. బ్యాటరీ మార్చింది, ముల్లు మార్చింది, ప్లేటు తిరగేసింది. మూడు రోజులు అదే వరస. నాలుగో రోజు వైరు కొసలు చేతిలోకి తీసుకుని చూస్తే పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వంకాయలు కోసే కత్తితో రాగి ఎర్రగా తేలేదాకా గీకి, మెలిపెట్టి, మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టింది. ఈసారి ముల్లు ఆనించగానే ఇల్లు అదిరిపోయింది. నేను అదే వీధిలో మా ఇంట్లో రొట్టె కాలుస్తున్నాను, పెనం మీద చెయ్యి పెట్టుకున్నంత పని అయింది.

సెట్టు పలికింది. కానీ ఎవరు పిలుస్తారు? మొగుడు పోయిన ఆడది పెళ్లిపందిట్లో కాలు పెట్టకూడదు. ఎదురు రాకూడదు, అక్షతలు తాకకూడదు. పాట మాత్రం అందరికీ కావాలి. సెట్టు ఇవ్వు, మేమే వాయించుకుంటాం అని అడిగినవాళ్లకు ఆమె ఒకే మాట చెప్పింది.

"నా పెట్టె నా గడప దాటదు."

ఈ చిక్కు విప్పినవాడు మా నాయన గంగప్పే. మా వీధి ఆదెప్ప కొడుకు పెళ్లికి ఉపాయం చెప్పాడు. పెట్టె సుంకమ్మ ఇంట్లోనే ఉంటుంది, ఆమె అక్కడే కూర్చుని వాయిస్తుంది, వైరు మాత్రం ఇళ్ల చూరుల వెంబడి పందిట్లోకి వస్తుంది, గొట్టం అక్కడ పలుకుతుంది. ఊరంతా మా నాయన తెలివిని మెచ్చుకుంది. నిజానికి ఆయన కనిపెట్టింది మనిషిని బయట నిలబెట్టి మనిషి పనిని లోపలికి తెచ్చుకునే దారి. ఆ మాట అనడానికి నాకు అప్పుడు నోరు లేదు. ఇప్పుడుంది, అంటున్నాను.

అలా మూడేళ్లు గడిచాయి. సుంకమ్మ ఇంకా వైరు కొంది, చూరు దాటి చూరు లాగింది. పెట్టెతో పాటు మైకూ ఆమె ఇంట్లోనే ఉండేది కాబట్టి, పెళ్లివారు ఏం చెప్పాలన్నా మనిషిని పంపి ఆమెకు చెప్పేవారు, ఆమె మైకులో చెప్పేది. "ఆకులు వేసినారు, భోజనాలకు లేయండప్పా" అని ఆ గొంతు వినపడితే ముసలివాళ్లు కూడా పరుగెత్తేవారు.

అరవై మూడులో నా పెళ్లి. అది వరుసగా రెండో కరువు ఏడు. వేరుశనగ మొలకలోనే మాడిపోయింది, మేళగాళ్లు కూలి వెతుక్కుంటూ బెంగళూరు దిక్కు పోయారు. తాళి కట్టేటప్పుడు సన్నాయి, డోలు లేకపోతే ఎలా? సుంకమ్మ దగ్గర సన్నాయి మేళం ప్లేటు ఒకటి ఉంది. ఆ ప్లేటే నా పెళ్లికి మేళం అని మా నాయన తేల్చేశాడు.

పెళ్లికి మూడు రోజుల ముందు మా అమ్మ నారాయణమ్మ కుంకుమ భరిణె పట్టుకుని పిలుపులకు బయలుదేరింది. వెనక నేను. మా వీధిలో ప్రతి గడపా ఎక్కాం. సుంకమ్మ గడప దగ్గరికి వచ్చేసరికి అమ్మ కొంగు సర్దుకుంటూ నడక పెంచింది. సుంకమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. తలకు నూనె పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. పిలుస్తారేమో అనుకుందని నాకు అర్థమైంది. నేను తల వంచుకుని అమ్మ వెనకే పోయాను. ఆ తల వంచడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నామీద ఒళ్లు మండుతుంది. సాయంత్రం మా నాయన ఒక్కడే వెళ్లి, వైరు ఎక్కడిదాకా రావాలో ఆమెకు చెప్పి వచ్చాడు.

పెళ్లిరోజు పొద్దున వైరు వచ్చింది. ఒక గొట్టం మా పందిట్లో, రెండోది ఎదురు వరసలో మగపెళ్లివారు దిగిన విడిదింటి మీద. పాటలు మొదలయ్యాయి. పెళ్లికొడుకు వచ్చి పీటమీద కూర్చున్నాడు. పక్కన తల్లిదండ్రుల స్థానంలో వాళ్ల చిన్నాయన, చిన్నమ్మ కూర్చున్నారు. తండ్రి ఎప్పుడో పోయాడు, తల్లి మారెక్క విడిదింట్లోనే ఉండిపోయింది. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు, అందరికీ తెలిసిన సంగతే కదా.

అయ్యవారు తాళిబొట్టు చేతికి తీసుకుని, "మేళం కానీండి" అన్నాడు. మా నాయన మనిషిని పంపాడు. గొట్టంలో వస్తున్న పాట ఠక్కున ఆగింది. సన్నాయి వస్తుందని అందరం చూస్తున్నాం. గొట్టం గరగరమంది. సుంకమ్మ గొంతు వచ్చింది.

"గంగప్పన్నా, సుంకమ్మను మాట్లాడతాండా. వీధిలో అన్ని గడపలకూ కుంకుమ భరిణె పోయింది. నా గడపకు రాలేదు. నా వైరును పిలిచినావు, నన్ను పిలవలేదు. నన్ను పిలిస్తేనే ఈ ప్లేటు తిరిగేది. లేకుంటే మేళం లేకుండానే కట్టించుకో తాళి."

పందిట్లో ఒక్కసారిగా గోల లేచింది. "ఎంత పొగరు" అన్నారు. "శుభమా అని పెండ్లి జరుగుతాంటే" అన్నారు. మా నాయన పంచె ఎగగట్టి సుంకమ్మ ఇంటికి పరుగెత్తాడు. అక్కడి మాటలు పందిట్లోకి వస్తున్నాయని ఆయనకు తెలియదు కానీ, మాకందరికీ తెలుసు. సుంకమ్మ మైకు కట్టెయ్యలేదు. ఆయన ఆయాసం దగ్గర్నుంచి అంతా గొట్టంలో వినపడింది.

"సుంకమ్మా, మెల్లగా మాట్లాడు. పరువు పోతాది."

"నేను మెల్లగానే మాట్లాడతాండా. పెట్టె పెద్దది చేస్తాది."

"ఈసారికి నా మాట ఇను. వెనక వాకిట్లో నుంచి వచ్చి గాదె పక్కన కూకో. ఎవురికీ కనపడద్దు. పిలిచినట్టూ ఉంటాది, చూడనట్టూ ఉంటాది."

పందిరంతా ఘొల్లుమంది. "మైకు ఉండాది గంగప్పా!" అని ఆదెప్ప అరిచాడు. ఆ అరుపు అక్కడిదాకా పోతుందా?

"వెనక వాకిట్లోకి రాను," అంది సుంకమ్మ. "భోజనాలకు లేయండని నేను పిలిస్తే ఊరంతా లేసి తింటాదే, అప్పుడు నా నోరు చెడ్డది కాదా? నా మొగుడు పోయింది జ్వరానికి. నేనేమన్నా చంపితినా? నాకేం రోగముందని దాచిపెడతావు?"

నవ్వినవాళ్లు నవ్వు ఆపారు. పందిరి బయట గోడవారన నిలబడ్డ ముసలవ్వ ఒకామె, గాజుల్లేని బోసి చేతులు కొంగులో దాచుకుని, మెల్లగా ముందుకు జరిగింది.

గొట్టంలో తలుపు చప్పుడు, ఎవరో లోపలికి వచ్చిన అలికిడి, ఇంకొక ఆడగొంతు వినపడ్డాయి. పెళ్లికొడుకు చటుక్కున తల ఎత్తాడు.

"మా అమ్మ" అన్నాడు.

"పక్కకు జరుగు గంగప్పా," అంటోంది ఆ గొంతు. "సుంకమ్మా, నేను పెండ్లికొడుకు తల్లిని, మారెక్కను. నీ గొట్టం నా నెత్తిమీదనే ఉండాది. అంతా ఇన్నా. తొమ్మిది నెలలు మోసి, కూలి చేసి సాకిన కొడుకు. వాని పెండ్లి చూస్తే వానికి కీడంట. నేనూ సరే అని గదిలో మూల కూకుంటి. నీకున్న బుద్ధి నాకు లేకపాయె. నేను పిలుస్తాండా. నా కొడుకు పెండ్లికి రా. లేయి, ఇద్దరమూ పోదాం."

కొంగుతో ముఖం తుడుచుకున్న చప్పుడో ఏమో, మైకుకు ఏదో రాసుకుంది. తర్వాత తలుపు చప్పుడు.

ఇద్దరూ వీధి నడుమన వచ్చారు. ముందు వాకిట్లోనే పందిట్లోకి అడుగు పెట్టారు. మా మేనత్త నా గడ్డం పట్టుకుని ముఖం పక్కకు తిప్పబోయింది. నేను ఆమె చెయ్యి తోసేసి, ఇద్దరినీ కళ్లారా చూశాను. పెళ్లికొడుకు చిన్నమ్మ పీట మీంచి లేచింది. మారెక్క వెళ్లి కొడుకు పక్కన కూర్చుంది. సుంకమ్మ నాకు ఎదురుగా చాప మీద కూర్చుంది. ఎవరికీ అడ్డు చెప్పే ధైర్యం లేకపోయింది. పెళ్లికొడుకు తల్లిని పట్టుకుని బయటికి పో అని ఎవరంటారు?

"ముహూర్తం దాటిపోతోంది," అన్నాడు అయ్యవారు.

"వచ్చినావు కదా సుంకమ్మా, పోయి ఆ ప్లేటు వేసి రాపో," అన్నాడు ఆదెప్ప.

"పిలుపుకు వచ్చినానప్పా," అంది సుంకమ్మ, కాళ్లు బాగా ముడుచుకుని కూర్చుంటూ. "పనికి రాలేదు. గంగప్పన్న ఆడనే ఉండాడు, వేయమను."

కబురు పోయింది. మా నాయన జన్మలో గ్రామఫోను ముట్టింది లేదు. కీ ఇవ్వాలని ఆయనకు తెలియదు. ముల్లు ఆనించాడు. గొట్టంలో సన్నాయి నీరసంగా, సాగదీసుకుంటూ, ఈనబోయే ఎనుము అరిచినట్టు వచ్చింది. అయ్యవారు చెవులు మూసుకున్నాడు. పెళ్లికొడుకు నవ్వు ఆపుకోలేక రెండో ముడి తప్పి మళ్లీ వేశాడు. నా మెడలో తాళి ఆ మేళంలోనే పడింది.

మా అమ్మ అక్షతల పళ్లెం పట్టుకుని వరసగా అందరికీ ఇస్తూ వచ్చి, సుంకమ్మ ముందు ఆగిపోయింది. ఇవ్వలేదు, దాటిపోనూలేదు. సుంకమ్మ ఒక క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత తనే చెయ్యి చాపి, పళ్లెంలోంచి గుప్పెట నిండా తీసుకుని, లేచి వచ్చి నా తలమీద వేసింది.