ఉప్పు మైదానంలో మిగిలిన టీచర్ గారి విషయమై

ఈ సంచికను అచ్చు వేయుటకు, ఆపుటకు, అచ్చయిన పిదప చదవనట్లు ఉండుటకు సర్వాధికారములు గల పెద్దల సముఖమునకు, వారి పైన ఇంకెవరైనా ఉన్నచో వారి సముఖమునకు, ఈ తెలుగు సంఘ సభ్యుడు సవినయముగా తెలియజేయు విషయమేమనగా: ఆటవా శివారు కనాటాలో మా వీధి చివర, మా పక్కింట్లో ఉండే టీచర్ గారు గడచిన మంగళవారం ఉదయం ఆస్పత్రిలో కన్నుమూశారు. ఆస్పత్రివారు నాకే ఫోన్ చేశారు. ఆమెను చేర్పించిన రోజున ఫారంలో ‘పేషెంటుకు ఏమవుతారు’ అన్న చోట ‘పక్కింటివాణ్ణి’ అని రాసింది నేనే. వార్తను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నా పోస్టుకు పైన పికిల్‌బాల్ టోర్నమెంటు ప్రకటన ఉంది. కింద పది నిమిషాల్లో నలభై చిల్లర నమస్కారపు బొమ్మలు వచ్చాయి. ఆ తర్వాత మళ్ళీ టోర్నమెంటు.

సాయంత్రం అధ్యక్షులవారు స్వయంగా ఫోన్ చేశారు.

“బ్రదర్, ఆంటీ గురించి మన సంచికకి ఒక టూ హండ్రెడ్ వర్డ్స్ రాసిపెట్టండి. పాజిటివ్‌గా ఉండాలి, పాత గొడవలేం వద్దు. ఫోటో నేను పంపిస్తా. ఆవిడ మన ఫ్యామిలీ మెంబరే కదా!”

తప్పకుండా రాస్తానన్నాను. ఆయన పంపిన ఫోటోలో ఆవిడ మోచెయ్యి మాత్రం ఉంది. మిగతా ఫోటో అంతా అధ్యక్షులవారే.

పాఠకులు మరొక విషయం గమనించవలెను. ఈ సంచిక ప్రూఫులు దిద్దే పని ఇన్నేళ్ళూ టీచర్ గారిది. ఎర్ర పెన్నుతో దిద్ది, పాత అటుకుల సంచిలో పెట్టి, మా తలుపు గొళ్ళానికి తగిలించి వెళ్ళేవారు. ఆమె తర్వాత ఆ బాధ్యతను కార్యవర్గం ఏకగ్రీవంగా నాకు అప్పగించింది. కాబట్టి ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళేలోగా చదివి అభ్యంతరం చెప్పవలసిన ఏకైక అధికారిని నేనే. చదివాను. అభ్యంతరం లేదు. ఇదే సంచికలోని అధ్యక్షులవారి సందేశంలో పదిహేడు తప్పులున్నాయి. టీచర్ గారైతే పదిహేడూ దిద్ది, ఆయన పరువు కాపాడి ఉండేవారు. నేను ఒక్కటీ ముట్టుకోలేదు.

ఆవిడ గుంటూరు వైపు ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, నలభై దాటాక ఒంటరిగా ఈ దేశం వచ్చారు. ఆటవాలో తాగునీరు పరీక్షించే ల్యాబులో రిటైరయ్యేదాకా పనిచేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన ప్రతివారికీ “తీరలేదమ్మా” అనే ఒకే జవాబు, మళ్ళీ అడిగినా అదే. శనివారాలు కమ్యూనిటీ సెంటరు బేస్‌మెంటులో మన పిల్లలకు తెలుగు నేర్పారు. మా అమ్మాయి ఇప్పటికీ మాకు ఇంగ్లీషులోనే జవాబు చెబుతుంది. కానీ ‘ఱ’ ఎక్కడ వస్తుందో దానికి తెలుసు, నాకు తెలియదు.

చలికాలం పొద్దున్నే లేచి మంచు కరగడానికి మొదట మా మెట్ల మీద ఉప్పు చల్లి, తర్వాత వాళ్ళ మెట్లకు పోయేవారు. ఒక జనవరిలో ఆవిడ చేతిలో ఉప్పు బదులు ఇసుక బకెట్టు కనిపించి అడిగాను.

“మైనస్ పదిహేను దాకానే బాబూ ఉప్పు పనిచేసేది. అంతకన్నా చలి ముదిరితే ఎంత పోసినా దండగ. ఇసుకే పొయ్యాలి.” ఒక చేరెడు చల్లి, నడుం నిటారుగా చేసుకుని అన్నారు, “మర్యాద కూడా అంతే.”

సంఘం పాట్‌లక్కులకు జాబితా తయారయ్యేటప్పుడు ఒక్కో కుటుంబం పేరుకు ఎదురుగా ఒక్కో వంటకం రాస్తారని సభ్యులకు తెలుసు. కుటుంబం లేనివారి పేరుకు ఎదురుగా ‘పేపర్ ప్లేట్లు’ అని రాస్తారనీ తెలుసు. టీచర్ గారు ఇరవై ఏళ్ళు పేపర్ ప్లేట్లు తెచ్చారు. వాటి కింద, జాబితాలో లేని గోంగూర పచ్చడి ఉండేది. మొదట ఖాళీ అయ్యేది అదే. మనకు మనుషులను లెక్కపెట్టే అలవాటు లేదు. కుటుంబాలను లెక్కపెడతాం. ఇది వంటకు సరిపోయే పద్ధతే. ప్రయాణానికి సరిపోతుందా అన్నది నాలుగేళ్ళ కిందట సెప్టెంబరులో, లేబర్ డే లాంగ్ వీకెండులో తేలింది.

బ్రిటిష్ కొలంబియా లోపలి భాగంలో, సముద్రం మీది మబ్బులు కొండలకు అవతలే ఖాళీ అయిపోయి ఇవతలికి ఉత్తచేతులతో వచ్చే చోట, ఎత్తున ఒక ఎడారి ఉంది. కురిసిన కాస్త వాన పల్లంలో నిలిచి, వేసవంతా ఎండి, కనుచూపు మేర తెల్లగా ఉప్పు గడుతుంది. అక్కడికి గంటన్నర దూరంలో ఎరుపు, ఆకుపచ్చ, పసుపు చారలున్న కొండలున్నాయి. పొద్దు వాలుతున్నప్పుడు చూడాలి వాటిని. ఈ రెండింటినీ ఒక్క రోజులో, గైడుతో సహా చూపించే యాత్రకు, విమానంలో అక్కడికి చేరిన మన సంఘంవారితో ఒక బస్సు బయలుదేరింది. బస్సులో ఏడు కుటుంబాలు, ముప్పై ఒక్కమంది. టీచర్ గారితో ముప్పై రెండు.

ఆవిడకు కొండల మీద ఆశ లేదు, ఉప్పు చూడాలని వచ్చారు. గైడు ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన ఆవిడ. ఉప్పు పొర మీద నడవవద్దని, అంచునే తిరగమని, మూడున్నరకు బస్సు దగ్గరికి రమ్మని చెప్పింది. టీచర్ గారు చిటికెడు నాలుక మీద వేసుకుని, మొహం చిట్లించి, “ఇది తినే ఉప్పు కాదు బాబూ, భేదికి వాడేది” అని నాతో చెప్పి, గొడుగు వేసుకుని, పాత ఉప్పు కార్ఖానా చెక్కలు కనిపిస్తున్న వైపు నడిచారు. నేను చూస్తున్నాను. ఆవిడ వెళ్ళడం నేను చూశాను.

మూడుంబావుకు గాలి లేచింది. ఉప్పు కళ్ళలో పడుతోందని అందరూ బస్సెక్కారు. గైడు, “ఒకసారి తలలు లెక్కపెట్టుకుంటాను” అంది.

“నో నీడ్,” అన్నారు అధ్యక్షులవారు. “వీ నో అవర్ పీపుల్.”

మెట్టు మీద నిలబడి మన పద్ధతిలో, ఊరి పేరున కుటుంబాలను పిలిచారు.

“రిచ్‌మండ్ హిల్ వాళ్ళు?”

“ఉన్నాం, ఉన్నాం.”

“ఏజాక్స్? మూడు ఫ్యామిలీసూ?”

“ఆల్ హియర్ అన్నా! మా బావ కూడా ఉన్నాడు, కావాలంటే దింపేస్తాం.”

బస్సంతా నవ్వింది.

“కనాటా?”

నేను చెయ్యెత్తాను. ఫోన్లో అప్పుడే తీసిన ఫోటోలు చూసుకుంటూ, తల ఎత్తకుండా చెయ్యెత్తాను. ఆవిడ సీటు నా సీటుకు ముందుదే, మూడో వరుసలో కిటికీ పక్కది.

“అన్ని ఫ్యామిలీసూ వచ్చేశాయి. రైట్ రైట్!” అని ఆయన బస్సు ఒంటి మీద రెండు దెబ్బలు వేశారు. అప్పుడు సమయం మూడు ఇరవై. టీచర్ గారు ఆలస్యం చేశారని తర్వాత కొందరన్నారు. ఆవిడకు ఇంకా పది నిమిషాల వ్యవధి ఉంది.

గంట ప్రయాణం తర్వాత దారిలో ఒక చిన్న కేఫ్ దగ్గర ఆగాం. గైడు ముందే చెప్పి ఉంచినందున పెద్దలకు టీలు, పిల్లలకు హాట్ చాక్లెట్లు కలిపి ముప్పై రెండు కప్పులు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. అందరూ తీసుకున్నాక ఒక టీ మిగిలింది.

“ఎక్స్‌ట్రా ఇచ్చినట్టున్నాడు,” అని అధ్యక్షులవారు దాన్ని తాగేశారు.

మా ఆవిడ చుట్టూ చూసి, “ఆంటీ ఏరి?” అంది.

బాత్రూంలో ఉంటారని ఒకరు, వెనక సీట్లో నిద్రపోతున్నారేమోనని ఒకరు అన్నారు. గైడు పరుగున వెళ్ళి బస్సు చూసి వచ్చింది. ఆమె చేతిలో టీచర్ గారి నీళ్ళ సీసా ఉంది. నిండుగా ఉంది. ఫోన్ చేద్దామంటే, టెలికామ్ ఇంజనీర్లు తొమ్మిదిమంది ఉన్న ఆ బృందంలో ఒక్క ఫోనుకూ సిగ్నల్ లేదు.

అక్కడికక్కడే కార్యవర్గం సమావేశమైంది. అధ్యక్షులవారు నా భుజం మీద చెయ్యి వేశారు.

“బ్రదర్, అందరం వెనక్కి వెళ్తే కొండల దగ్గర లైట్ పోతుంది. పిల్లలు పాపం డిజప్పాయింట్ అవుతారు. నైబర్ మీరే కదా, గైడుతో వెళ్ళి తెచ్చేయండి.”

బస్సు కొండలకు వెళ్ళింది. గైడు, నేను కేఫ్‌వాళ్ళ పికప్ ట్రక్కులో వెనక్కి వెళ్ళాం. ఆమే నడిపింది, నీళ్ళ సీసా మా ఇద్దరి మధ్య ఉంది. దారిలో, మీవాళ్ళు మనుషులను లెక్కపెట్టరా అని అడిగింది. పెడతాం, కుటుంబాల చొప్పున అన్నాను. “ఈవిడ ఎవరి కుటుంబం?” అంది. ఆ ప్రశ్నను ఇందుమూలముగా నమోదు చేయుచున్నాను.

మలుపు తిరగగానే కనిపించారు. అంత తెలుపులో ఒక మెరూన్ రంగు కోటు. గాలికి గొడుగు తిరగబడి పక్కన పడి ఉంది. రెండు గంటలుగా, దింపిన చోటును వదిలి పోకుండా ఉన్నారు. ట్రక్కు ఆగకముందే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

“బాబూ, బస్సుకేమైంది? బోల్తా పడిందా? పిల్లలు బానే ఉన్నారా?”

మరచిపోయామన్న ఊహ ఆవిడకు తట్టలేదు. అంతసేపు ఎవరూ రాలేదంటే బస్సు లోయలో పడి ఉంటుందనుకున్నారు.

“అందరూ బాగున్నారు టీచర్ గారూ.”

ఆవిడ ట్రక్కు వైపు చూశారు. గైడు వైపు చూశారు. నా చెయ్యి వదిలేశారు.

“మరి ఎందుకు రాలేదు?”

“లెక్క తప్పింది.”

“ఎవరు పెట్టారు లెక్క?”

నేను ఉప్పు వైపు చూశాను. ఆవిడ సీసాలో నీళ్ళన్నీ ఆగకుండా తాగి, ఎక్కి కూర్చున్నారు. తిన్నగా హోటలుకు తీసుకెళ్ళాం. రంగుల కొండలు ఆవిడ చూడలేదు.

ఆ ఏడాది సంచికకు యాత్రా నివేదికను అధ్యక్షులవారే రాశారు. ‘సభ్యులందరూ ఒకే బస్సులో, ఆటపాటలతో, క్షేమంగా తిరిగి వచ్చారు’ అన్నది చివరి వాక్యం. ప్రూఫులు యథాప్రకారం టీచర్ గారి దగ్గరికే వెళ్ళాయి. ఆవిడ ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశారు. అచ్చులో మళ్ళీ వచ్చింది. ఆవిడ సర్వసభ్య సమావేశానికి ఉత్తరం రాశారు. పరిశీలిస్తామన్నారు. రెండో ఏడు రాశారు, జవాబు లేదు. మూడో ఏడు, పాత సంచికలను తిరగతోడే సంప్రదాయం సంఘానికి లేదని తెలియజేశారు. నాలుగో ఉత్తరానికి వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ వచ్చింది.

సమావేశంలో ఒకసారి అధ్యక్షులవారు నవ్వుతూ అన్నారు, “సేఫ్‌గా వచ్చేశారు కదాంటీ, ఇంకేం కావాలి మీకు?”

“వచ్చాను బాబూ. ఎవరితో వచ్చానో అది రాయండి.”

కిందటి నెల ఆస్పత్రిలో, మంచం పక్కన కూర్చుని, నాలుగేళ్ళుగా చెప్పనిది చెప్పాను.

“ఆరోజు నేనూ చెయ్యెత్తాను టీచర్ గారూ.”

“తెలుసులే. కనాటా అని పిలిస్తే ఇంకెవరెత్తుతారు?”

“మరి నన్నెప్పుడూ ఏమీ అనలేదే?”

“నువ్వు అచ్చు వెయ్యలేదుగా.” ఆయాసం తీర్చుకుని అన్నారు, “వదిలేసినందుకు కాదయ్యా నా బాధ. మనుషులన్నాక మరుస్తారు. వదల్లేదని అచ్చేశారే, అదీ. తప్పు రాసినవాడు కొట్టెయ్యాలి, చదివినవాడు క్షమించాలి. మొదటిది అవకుండా రెండోది ఎట్లా అవుద్ది?”

మొన్న సంతాపసభలో అధ్యక్షులవారు పదకొండు నిమిషాలు మాట్లాడారు. ఆవిడ మన తెలుగు కుటుంబానికి పెద్ద దిక్కని, ఆవిడ లేని లోటు తీరదని అన్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు. అది ఎవరి కుటుంబమని అడగడానికి ఆ గైడు అక్కడ లేదు. సభ ముగిశాక టీ ఇచ్చారు. ఆయన తాగుతున్నంతసేపూ నేను ఎదురుగా నిలబడి చూశాను. ఆయనకు పొరబోయింది. నేను వీపు తట్టలేదు.

కావున, టీచర్ గారి నాలుగు ఉత్తరాలకు కొనసాగింపుగా, ఆమె ఇక రాయలేనందున, ఈ క్రింది డిమాండును దాఖలు చేయుచున్నాను.

డిమాండు సంఖ్య 1. రెండవది లేదు. నాలుగేళ్ళనాటి యాత్రా నివేదికలోని చివరి వాక్యమును, దానిని రాసినవారే, సభ్యుల ఎదుట, స్వహస్తముతో కొట్టివేయవలెను. ‘ఉన్నాం’ అని చెయ్యెత్తినవారి పేర్లు రాయవలెను. అందులో నా పేరు మొదట ఉండవలెను. పిదప, ఆ సాయంత్రం గైడు, నేను మాత్రమే చూసినందున ఇంతవరకు ఏ నివేదికలోనూ చేరని ఈ క్రింది వాక్యములను చేర్చవలెను:

‘బస్సుకు ప్రమాదం జరిగిందని నమ్మిన టీచర్ గారు, వెతకడానికి వచ్చేవారికి లోపల ఎవరెవరున్నారో, ఎక్కడెక్కడ కూర్చున్నారో తప్పులేకుండా చెప్పగలిగేందుకు, దారి పక్కన దొరికిన రాళ్ళను ఏరి ఉప్పు అంచున బస్సు సీట్ల వరుసలో పేర్చారు. ఒక్కో కుటుంబానికి వీలైనంతవరకు ఒక్కో రంగు. పిల్లలకు చిన్న రాళ్ళు. డ్రైవరుకు, గైడుకు పెట్టినవి కాక మొత్తం ముప్పై ఒకటి. ముందునుంచి మూడో వరుసలో, కిటికీ పక్కన, ఒక రాయి పట్టేంత చోటు ఖాళీగా ఉంది.’