చీపురు పుల్లతో తేలిన లెక్క

ఇంజనీరింగ్ చదువు తరగతి గదిలోనే పూర్తవుతుందని నేను నమ్మను. పనిచేసిన ప్రతి ఆరు నెలలూ చదువుగా లెక్కకు వస్తాయని కూడా నమ్మను. దీక్షిత నివేదిక నా బల్ల మీదికి వచ్చినప్పుడు ఈ రెండో అపనమ్మకమే ముందుగా మేల్కొన్నది.

దీక్షిత మోర్తాడ్ రైతు భూమేశ్వర్ కూతురు. మెకానికల్ మూడో సంవత్సరం. ఆమె కళాశాల నియమం ప్రకారం ఆ సంవత్సరం సగభాగం బయట ఎక్కడైనా జీతానికి పనిచేయాలి. ఆ పనిలో ఇంజనీరింగ్ ఉందో లేదో తేల్చే బయటి పరీక్షకుణ్ణి నేను. లేదని రాస్తే ఆమె సంవత్సరం పోయినట్లే.

“జీతమిచ్చి సదువు చెప్తరా? గిదేం కాలేజి?” అని తల్లి నీలవ్వ మొదట్లో అనుమానపడిందట. రెండో నెల నుంచి హాస్టల్ ఖర్చు కూతురే కట్టుకోవడంతో ఆ అనుమానం తీరిపోయింది.

ఆమె చేరింది ఆర్మూర్‌లో ఎల్లయ్య షెడ్డులో. పసుపు ఉడికించే ఆవిరి యంత్రాలను ఆయన తయారు చేస్తాడు. పంట కాలంలో ట్రాక్టరుకు తగిలించి ఊరూరా కిరాయికి తిప్పుతాడు. ఒక బాయిలరు, వరుసగా నాలుగు డ్రమ్ములు. పసుపు ఉడికిందో లేదో యంత్రం వెంట తిరిగే కూలీ ముత్తవ్వ పసుపు కొమ్ములోకి చీపురు పుల్ల గుచ్చి చెబుతుంది. సాఫీగా దిగితే ఉడికినట్లు.

మొదటి డ్రమ్ములో పసుపు మెత్తబడేది, నాలుగో దానిలో పచ్చిగా మిగిలేది. దిష్టి తగిలిందని నాలుగో డ్రమ్ముకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. నివేదికలో దీక్షిత ఆ సంగతి కూడా నిజాయితీగా రాసింది. అయితే ‘వాడిన పరికరం’ అన్న చోట ‘చీపురు పుల్ల’ అని చూసి నేను ఎర్ర పెన్ను మూత తీశాను.

తరువాతి పేజీ నన్ను ఆపింది. పద్దెనిమిది రోజులు, డ్రమ్ము దించిన ప్రతిసారీ ఇరవై కొమ్ములు తీసి గుచ్చి చూసింది. మొదటి డ్రమ్ములో ఇరవైకి ఇరవై కొమ్ముల్లోనూ పుల్ల సాఫీగా దిగింది. నాలుగో దానిలో పన్నెండు దాటలేదు. బాయిలరుకు దగ్గరగా ఉన్న డ్రమ్ములే ఆవిరినంతా తీసుకుంటున్నాయని తేల్చి, ముందరి రెండు డ్రమ్ముల గొట్టాలలో చిన్న రంధ్రమున్న ఇనుప బిళ్లలు పెడదామన్నది.

“ఆవిరి సాల్తలేదంటె అడ్డం పెడ్తనంటవేంది బిడ్డా? దూపైనోని గొంతు పట్టుకున్నట్టు!” అన్నాడట ఎల్లయ్య.

“దూపైనోని గొంతు కాదు కాకా, కడుపు నిండినోనిది. వాడు తాగుడు తగ్గిస్తెనే ఎనకోనికి అందుతది.”

బిళ్లలు పెట్టాక అంకెలు దాదాపు సమానమైనాయి. హాస్టల్ గదుల్లో కూర్చుని అల్లిన చక్కటి అంకెలను నేను చాలా చూశాను. అందుకని ఒక ఉదయం నందిపేట్ దగ్గర యంత్రం నడుస్తున్న చేనుకు స్వయంగా వెళ్ళాను. నాలుగు డ్రమ్ముల నుంచి ఇరవయ్యేసి కొమ్ములు తీసి, వరుస మార్చి, నాలుగు బుట్టల్లో ముత్తవ్వ ముందు పెట్టాను.

“ఏది ఏ డ్రమ్ముదో చెప్పకుంటె నాకెట్ల ఎర్కైతది సారూ?”

“తెలియకూడదనే చెప్పడం లేదమ్మా.”

“గట్లనా! కండ్లకు గంతలు కట్టి పెండ్లిపిల్లను చూడమన్నట్టుంది!”

కూలీలు నవ్వారు. దీక్షిత నవ్వలేదు, చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ముత్తవ్వ ఎనభై కొమ్ములనూ ఓపికగా గుచ్చింది. పందొమ్మిది, పద్దెనిమిది, పందొమ్మిది, పద్దెనిమిది.

“నాలుగూ ఒక్క తీరే ఉన్నయ్. ఇగ వంక పెట్టనీకి గూడ ఏం లేకపాయె,” అని ఆమె కొంత నిరాశగా పుల్ల పారేసింది.

నాకు మాత్రం ఒక వంక దొరికింది. ఇంజనీరింగ్ ఉన్నదని రాసి సంతకం చేసి, మార్కుల్లో మూడు కోశాను.

“ఎందుకు సార్?” అన్నది దీక్షిత, ఊపిరి పీల్చుకున్న వెంటనే.

“ఏ రోజూ ఆవిరి పీడనం రాయలేదు. మంట తగ్గిన రోజున నీ బిళ్లలు పనిచేస్తాయో లేదో దీన్ని బట్టి చెప్పలేం.”

“నిజమే సార్,” అన్నది ఆమె.

బాయిలరు దగ్గరున్న ఎల్లయ్య మాత్రం ఊరుకోలేదు. “ఆవిరి గేజు చూసేటోన్ని నేను సార్. పిల్లకు చెప్పకపోతి. ఆ మూడు మార్కులు నాకు కొయ్యిండ్రి.”

“మీ పేరు మా పట్టికలో లేదు.”

“అయితే ఎక్కియ్యిండ్రి! ఆర్నెల్ల సంది ఈమె దగ్గర నేను గూడ సదువుకుంటనే ఉన్న!”

ఈసారి దీక్షిత కూడా నవ్వింది. మూడు మార్కులు మాత్రం నేను తిరిగి కలపలేదు.