తుఫాను పీస్‌లో గాలి వంతు

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లోని మా కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో ఏ వాయిద్యమూ రాని మనిషిని నేనొక్కదాన్నే. నేను లైబ్రేరియన్‌ని. చర్చి బేస్‌మెంట్‌లో ఉన్న షీట్ మ్యూజిక్, అంటే స్వరాలు రాసిన కాగితాలు, తీసి అందరికీ పంచి, కాన్సర్ట్ అయ్యాక మళ్లీ సర్ది పెడతాను. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. రెండూ ఒకటే పని: ఎవరో రాసినదాంట్లో ఏం తప్పిపోయిందో వెతకడం.

ఒక శనివారం బీరువా సర్దుతుంటే ఎప్పుడూ పేరు వినని పీస్ ఒకటి దొరికింది. కాగితాల అంచులు గుడ్డలా మెత్తబడి ఉన్నాయి. అంటే బాగా వాయించినదే. పక్కన అప్పట్లో వాయించినవాళ్ల పెన్సిల్ రాతలు: "ఇక్కడ నిద్రపోకు", "ఆయన చూస్తున్నాడు". ఒకచోట పాలు, గుడ్లు అని ఉంది.

మా క్లారినెట్ ఆయనకి చూపించాను. ఆయనకి ఎనభై రెండేళ్లు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది ప్రతి వేసవిలోనూ పార్కులో వాయించేవాళ్లం. ఓడ తుఫానులో చిక్కుకుని ఒడ్డుకొస్తుంది. జనానికి చాలా ఇష్టం."

"మరి ఎందుకు మానేశారు?"

"మానేయలేదు. ఒక ఏడాది వేయలేదు. ఆ పై ఏడాదీ వేయలేదు."

తుఫాను తర్వాత క్లారినెట్ ఒక్కటే వాయించే సోలో ఉందట. సోలోలు మొదటి కుర్చీలో కూర్చునేవాళ్లవి, అప్పట్లో ఈయనది రెండో కుర్చీ కాబట్టి అది ఎప్పుడూ పక్కాయనకే వెళ్లేదట. పక్కాయన పోయి చాలా కాలమైంది.

దీన్ని మళ్లీ వేద్దామని అడిగితే, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టరమ్మ ఒప్పుకుంది. "కానీ గాలి మెషీన్ ఎవరు తిప్పుతారు?" అంది. అదొక చెక్క డ్రమ్ము. మీద కాన్వాసు గుడ్డ బిగించి ఉంటుంది. పిడి పట్టుకుని తిప్పితే ఈదురుగాలి శబ్దం వస్తుంది. అందరూ నా వైపు చూశారు. ఆ గదిలో చేతులు ఖాళీగా ఉన్నది నాకే.

ట్రోంబోన్ వాయించే కార్పెంటర్ ఒక మెషీన్ తయారుచేసిచ్చాడు. ఆరు వారాలు ప్రాక్టీస్ చేశాను. "కొంచెం తగ్గించండి, మనకి కావలసింది తుఫాను, మిక్సీ కాదు" అని కండక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

కాన్సర్ట్‌లో తుఫాను బాగానే వచ్చింది. తర్వాత అందరూ ఆగారు. క్లారినెట్ ఆయన ఒక్కడే మొదలుపెట్టాడు. చాలా నెమ్మదైన రాగం. హాల్లో ఒక్క దగ్గు కూడా వినబడలేదు. ఇంకో రెండు బార్లు, కాగితం మీద రెండు గళ్లంత రాగం, ఉన్నాయనగా ఆయనకి ఊపిరి చాల్లేదు. ఒక్క క్షణం ఏమీ లేదు. పక్కనున్న ఫ్లూట్ అమ్మాయి, తన కాగితంలో లేకపోయినా, ఆ రెండు బార్లూ పూర్తి చేసింది. నా వంతు ఎప్పుడో అయిపోయింది. పిడి మాత్రం గట్టిగా పట్టుకునే ఉన్నాను.

చప్పట్లు మర్యాదగా కొట్టారు. స్టేజీ వెనక ఆయన దగ్గరికెళ్లి, "బాగా వాయించారు" అన్నాను.

"లేదు. ఆ అమ్మాయే బాగా ముగించింది." క్లారినెట్ పెట్టెలో సర్దుతూ అన్నాడు, "అరవై ఏళ్లుగా మా పక్కాయన దీన్ని పాడుచేసేవాడనే అనుకున్నాను. ఇది నిజంగానే కష్టమైనది."

పార్కింగ్ లాట్‌లో, కాన్సర్ట్ చూడ్డానికి వచ్చిన మా ఆయన అడిగాడు. "మొదట్లో ఆ ఏడుపు నువ్వేనా?"

"అది గాలి."

"బాగుంది. మళ్లీ ఎప్పుడు వేస్తారు?"

వేయరని చెప్పాను. వచ్చే సీజన్ జాబితా అప్పటికే ప్రింట్‌కి వెళ్లింది, అన్నీ అందరికీ తెలిసినవే. మా ఆయన ఇంటికొచ్చి, ఈ పీస్ మళ్లీ వేయమని ఆర్కెస్ట్రాకి ఈమెయిల్ పెట్టాడు. ఆ ఈమెయిళ్లు చూసేది నేనే. కండక్టరమ్మకి ఫార్వర్డ్ చేశాను. "చూద్దాం" అని జవాబొచ్చింది.

మంగళవారం రిహార్సల్ అయ్యాక క్లారినెట్ ఆయన వచ్చి, ఇంట్లో ప్రాక్టీస్ చేసుకోవడానికి సోలో పేజీ ఒక కాపీ కావాలన్నాడు. తీసిచ్చాను.