డార్కా పావ్లిక్ సామాను తూకం

డాఫిన్ ఊళ్ళో డార్కా పావ్లిక్‌ని పిసినారి అని ఎవరూ అనేవారు కాదు. ఇంటికొచ్చినవాళ్ళకి వద్దన్నా వినకుండా పెట్టేది. చర్చి విందుకి దుంపకూర పెట్టిన కజ్జికాయల్లాంటి పెరోగీలు నాలుగు వందలు ఒంటిచేత్తో చుట్టి, పైసా పుచ్చుకునేది కాదు. కానీ ఎవరైనా కాగితం మీద అంకె వేసి ముందు పెడితే మాత్రం ఒళ్ళు మండేది. దాన్ని ఎంతో కొంత కిందికి లాగితే తప్ప ఆమెకి అన్నం సయించదు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకుని కూడా వేళ్ళతో బేరమాడిన మనిషి.

ఆ ఏడు ఏప్రిల్‌లో కూడా మంచు పడింది. ఆమె మొగుడు నెస్టర్ పార విరగ్గొట్టుకుని ఇంట్లోకొచ్చి, "నేనింక ఎత్తను. మంచు పడని చోటికి పోదాం" అన్నాడు. ఏ మాటైనా ఊ, ఆ లతో సరిపెట్టే నెస్టర్ అంత పొడుగు మాట అనేసరికి డార్కా కాదనలేకపోయింది. వేసవిలో వెళ్ళి సముద్రం ఒడ్డున నానైమోలో, రెండో అంతస్తులో ఓ ఫ్లాటు కొన్నారు. అక్టోబరులో ప్రయాణం. మధ్యలో రెండు వేల మూడు వందల కిలోమీటర్ల దారీ, ఓ కొండల వరసా, సముద్రపు పాయా ఉన్నాయి.

సామాను చేరవేసే మూవర్స్ కంపెనీవాళ్ళు ఇల్లు చూసి అంచనా వేయడానికి మనిషిని పంపుతామన్నారు. వచ్చేవాడు కళ్ళతో చూసిందే కదా లెక్క అనుకుంది డార్కా. చూడటానికి ఏమీ లేకపోతే లెక్కా ఉండదు!

ముందు రోజు నెస్టర్‌ని వెంటేసుకుని, పక్కింటి వెర్నా గరాజులోకి సామాను చేరవేసింది. ఫ్రీజరు, పడగ్గది మూలనున్న కుట్టుమిషను, రెండు వందల జాం సీసాలు, కమ్మరి పనిచేసిన నెస్టర్ తాత ఉక్రెయిన్ నుంచి మోసుకొచ్చిన ఇనుప దాగలి. ఆ దాగలిని చక్రాల బండి మీద తోసేసరికి నెస్టర్ నడుం పట్టేసింది.

"ఇది ఈ ఊళ్ళోనే వదిలేద్దామే" అన్నాడు.

"తాత సముద్రం దాటించాడు, నువ్వు కంచె దాటించలేవూ?" అంది డార్కా.

మర్నాడు వచ్చిన అంచనా మనిషి పేరు లైల్. నెమ్మదైనవాడు. గది గదీ తిరిగి రాసుకున్నాడు. పడగ్గది మూల తివాచీ మీద నాలుగు లోతైన గుంటలు చూసి ఆగాడు.

"ఇక్కడేముండేదండీ?"

"ఏమీ లేదు. తివాచీ ఏనాటిదో, అదే అలా కుంగింది."

"నాలుగు చోట్ల, కొలిచినట్టు కుంగిందే!"

డార్కా కాలితో తివాచీని సర్దుతుండగా వంటింటి తలుపు తోసుకుని వెర్నా వచ్చింది. అబద్ధమాడటం చేతకాని మనిషి వెర్నా. ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే చాలు, అబద్ధమాడే పనే ఉండదని డార్కా ధీమా.

"ఒసే డార్కా, నీ ఫ్రీజరు మా గరాజులో గుర్రుమంటోందే. ప్లగ్గు ఉంచనా, తీసేయనా?"

లైల్ పెన్ను మూసి నవ్వాపుకున్నాడు. "మేడమ్, నేను ఎంత రాసినా మీరు కట్టేది అది కాదండీ. ముందు ఖాళీ లారీని కాటా వేయిస్తాం. సామాను ఎక్కించాక మళ్ళీ వేయిస్తాం. ఎక్కువైన బరువెంతో దానికి పౌండుకి తొంభై సెంట్లు. ఆ గరాజు సామాను కూడా కలుపుకుంటే ఎనిమిది వేల పౌండ్లు, అంటే ఏడు వేల రెండు వందల డాలర్ల దాకా అవచ్చు. కావాలంటే మీరే వచ్చి దగ్గరుండి తూయించుకోండి."

నెస్టర్ నడుం పట్టుకుని భార్య వైపు చూశాడు. డార్కా మొహంలో అవమానం ఇసుమంతైనా లేదు. పైగా వెలిగిపోతోంది.

"కాటానా? ఎక్కడ వేయిస్తారు?"

"ధాన్యం గోదాము దగ్గర."

ఆ కాటా గదిలోనే డార్కా ఇరవై రెండేళ్ళు పనిచేసి రిటైరైంది. గోధుమలు తెచ్చే రైతులు నిండు లారీని తూచేటప్పుడు ఇద్దరు కొడుకుల్ని లోపల దాచేవాళ్ళు. గోధుమలు పోసేసి ఖాళీ లారీ తూచేటప్పుడు వాళ్ళని దింపేసేవాళ్ళు. కొడుకుల బరువు కూడా గోధుమల ధరకే అమ్ముడయ్యేది. అలాంటివాళ్ళని వందమందిని పట్టుకుంది డార్కా. ఇప్పుడదే పనిని తిరగేసి చేయాలి, అంతే.

ప్రయాణం రోజు పొద్దున్నే లారీ గోదాముకి వచ్చేసరికి, డార్కా కాటా పక్కన కారాపుకుని నిలబడి ఉంది. డ్రైవరు గార్నెట్, గుమ్మంలో పక్కకి తిరిగితే తప్ప పట్టని మనిషి. కర్ట్, డేల్ అని ఇద్దరు పనివాళ్ళు. గాలి చెవులు కోసేస్తోంది.

"దిగకండి బాబూ, చలి! లోపలే కూర్చోండి. కాఫీ తెచ్చాను" అంటూ కిటికీలోంచి మూడు కప్పులు అందించింది. "తలుపు వేసుకోండి, వేడి పోతుంది."

ఎంత మంచి మనిషి అనుకున్నారు ముగ్గురూ. ముగ్గురితో సహా ఖాళీ లారీ బరువు కాగితం మీద పడింది. కాటా గదిలో ఉన్న లొరెట్టాకి పని నేర్పింది డార్కాయే. లొరెట్టా అద్దంలోంచి ఓసారి చూసి, తలొంచుకుని చీటీ చింపింది.

మధ్యాహ్నం సామానంతా ఎక్కించి, దాగలిని తిట్టుకుంటూ ఎక్కించి, లారీ మళ్ళీ కాటా మీద ఆగింది. ఇరవై అడుగుల దూరంలో డార్కా కారు బానెట్ మీద మూకుడు మూత తీసింది. వెన్నలో వేగిన ఉల్లిపాయల వాసన గుప్పుమంది. లోపల బంగాళదుంప పెరోగీలు.

"చల్లారితే బావుండవు నాయనా! ముందు తినండి!"

కర్ట్, డేల్ దూకేశారు. గార్నెట్ ఒక్క క్షణం తటపటాయించి, వాడూ దిగాడు. వాళ్ళు రెండో వాయి తింటుండగా చీటీ వచ్చింది. సామాను బరువు ఏడు వేల మూడు వందల పది పౌండ్లు.

"అంచనాకి ఇంత తగ్గిందేమిటి?" అన్నాడు గార్నెట్ మూతి తుడుచుకుంటూ.

"జాం చాలావరకు పంచిపెట్టేశానులే" అంది డార్కా. పంచింది వెర్నాకి రెండు సీసాలు.

ఆరో రోజున లారీ నానైమోలో వాళ్ళ మేడ ముందు ఆగింది. పెరోగీలు పెట్టిన మనిషిని చూసి గార్నెట్ నవ్వుతాడనుకుంది డార్కా. వాడు నవ్వలేదు. దిగి, లారీ తలుపుకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, కొండలెక్కేముందు హైవే మీద తనిఖీవాళ్ళు లారీని తూచారు. మన చీటీ కంటే ఏడు వందల పౌండ్లు ఎక్కువొచ్చింది. దారిలో దాగలి పిల్లల్ని పెట్టిందా అని భయపడ్డాను. రోజంతా ఆలోచించాను. ఖాళీగా తూచినప్పుడు మేం కాఫీ ఎక్కడ తాగాం? నిండుగా తూచినప్పుడు పెరోగీలు ఎక్కడ తిన్నాం?"

డార్కా సముద్రం వైపు చూసింది. "మబ్బు పడుతోంది. త్వరగా దింపండి బాబూ."

"దింపుతాం. చీటీలో ఉన్నవి దింపుతాం. ముందు చీటీలో లేని ఏడు వందల పౌండ్లు మీరే మోసుకోండి." అని లారీ వెనకనుంచి వాలుకుర్చీలు మూడు తీసి గడ్డి మీద వేశాడు. ముగ్గురూ కూలబడ్డారు. నెస్టర్ కాసేపు చూసి, నాలుగోది తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు.

"నీకేమైంది?" అంది డార్కా.

"నడుం" అన్నాడు నెస్టర్.

డార్కా పంతానికి పోయింది. జాం సీసాల పెట్టె ఎత్తుకుని రెండంతస్తులెక్కింది. ఇంకోటి. నాలుగో పెట్టెకి మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. పై ఇళ్ళవాళ్ళు బాల్కనీల్లోకొచ్చి చూస్తున్నారు. మొహం ఎర్రబడింది. ఆయాసం తీరాక దిగొచ్చి చెక్కుబుక్కు తీసింది.

"ఏడు వందల పౌండ్లా?"

"ఏడు వందలే."

"హైవే కాటాని నేను నమ్మను. దారిలో పోయించుకున్న డీజిలు కూడా మీ బరువులోనే కలిపారు. అది నేనెందుకు కట్టాలి?"

గార్నెట్ నోరు తెరిచాడు. అప్పటికే ఆవిడ అట్టపెట్టె చింపి, స్నానాలగదిలో బరువు చూసుకునే మిషను తీసి ఫుట్‌పాత్ మీద పెట్టేసింది.

"ఎక్కండి. ఒక్కొక్కరూ."

గార్నెట్ రెండు వందల అరవై రెండు. కర్ట్ రెండు వందల ఇరవై ఎనిమిది. డేల్ నూట అరవై అయిదు. డేల్ ఎక్కినప్పుడు మూడో అంతస్తు ముసలాయన చప్పట్లు కొట్టాడు.

"ఆరు వందల యాభై అయిదు" అన్నాడు కర్ట్, ఎందుకో కాస్త గర్వంగా.

"బూట్లు విప్పండి" అంది డార్కా.

"బూట్లు కూడా లారీలోనే ఉన్నాయి కదమ్మా!" గార్నెట్ ఏడ్చినంత పని చేశాడు.

"బూట్లు మీ కంపెనీవి. నా ఖాతాలో ఎందుకు?"

ముగ్గురూ మేజోళ్ళతో మళ్ళీ ఎక్కారు. ఆరు వందల నలభై ఒకటి. పౌండుకి తొంభై సెంట్ల చొప్పున అయిదు వందల డెబ్బై ఏడు డాలర్లకి డార్కా చెక్కు రాసింది. ఆ అంకె తన చేత్తో కిందికి లాగింది కాబట్టి ఆమెకి బాధేమీ అనిపించలేదు. గార్నెట్ చెక్కు జేబులో పెట్టుకుని, నవ్వాగక, లారీ మెట్టు మీద కూర్చుని భుజాలు ఊగేలా నవ్వాడు. ఆ తర్వాత దాగలిని వాడొక్కడే పైకి మోశాడు.

సాయంత్రానికి మూడో అంతస్తు ముసలాయన తలుపు తట్టి, ఆ మిషను ఓసారి అరువిస్తారా అని అడిగాడు. డార్కా ఆయన్ని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ముందు భోజనం పెట్టింది.