కెప్టెన్ గారి పంతం

అరాల్ పట్నంలో పంతానికి పోయేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఏకంగా సముద్రం మీద అలిగి కూర్చున్నవాడు జల్గాస్ ఒక్కడే. అది కూడా ముప్పై ఏళ్ళ అలక.

ఒకప్పుడు చేపల పడవకు కెప్టెన్. నదుల్ని పొలాలకు మళ్ళించేసరికి సముద్రం ఎండుతూ ఊరిని వదిలేసి వెనక్కి పోయింది, పడవ ఇసుకలో కూరుకుపోయింది. భార్య కుల్పాష్ నోరెత్తకుండా ఫ్యాక్టరీకి పోయి, ఎక్కడి నుంచో రైల్లో వచ్చిన చేపల్ని డబ్బాల్లో కుక్కి ఇల్లు నడిపింది. కెప్టెన్ గారు మాత్రం పాత రేవులో తుప్పు ఓడల పక్కన నిలబడి, ఊరు చూడవచ్చినవాళ్ళకు తుఫాను కథలతో కోతలు కోసేవాడు.

ఆనకట్ట కట్టాక నీళ్ళు తిరిగొచ్చాయి. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఆగాయి. జనమంతా ఎగబడి చూసొచ్చారు. జల్గాస్ కదల్లేదు.

"చెప్పకుండా పోయింది అది. చిన్నవాళ్ళే పెద్దల గడపకొచ్చి సలాం చెయ్యాలి. రమ్మను," అన్నాడు.

"సముద్రం నీకంటే చిన్నదా?" అంది కుల్పాష్.

"ఇవి కొత్త నీళ్ళు. ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు."

వచ్చినవాళ్ళు కుల్పాష్ వండిన 'కర్మ' అనే అక్కడి వంటకం, అదే, చేప పులుసులో నానిన రొట్టెముక్కల మీద చిదిమిన చేప, వేళ్ళు నాకుతూ తిని బీచికి దారి అడిగేవాళ్ళు. జల్గాస్ కర్రతో చూపించి ఊరుకునేవాడు. పక్కింటి ఎర్మెక్ జీపులో తీసుకెళ్తానన్నా కుల్పాష్ ఒప్పుకోలేదు. పెళ్ళయిన ఏడాది ఆమెను మొదటిసారి నీళ్ళలోకి దింపినవాడు జల్గాసే. మళ్ళీ అతనే దింపాలని ఆమె పంతం.

ఒక వేసవిలో పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చి సూటిగానే చెప్పింది. "ఏమయ్యా, నా కళ్ళు పోతున్నాయి. ఇక ఆగవట. పోయేలోపు ఆ నీళ్ళు చూపించు."

జల్గాస్ గుండె జారింది. నోరు మాత్రం జారలేదు. "ఇప్పుడు గాలెక్కువ. వచ్చే ఏడాది పోదాంలే."

ఆ ఏడాదీ గడిచింది. ఒక పొద్దున కుల్పాష్ అతనికి టీ గిన్నె అందించింది. అంచుదాకా నిండి ఉంది. ఆ ఊళ్ళో గౌరవించే మనిషికి టీ కొంచెం కొంచెంగానే పోస్తారు. నిండుగా పోస్తే ఇక లేచి పొమ్మని. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె ఎన్నడూ అలా పోయలేదు.

"పొమ్మంటున్నావా నన్ను?" అన్నాడు తెల్లబోయి.

"నిండిపోయిందా?" అంది ఆమె, గిన్నె కోసం గాల్లో తడుముతూ. "నాకు కనబళ్ళేదయ్యా."

జల్గాస్ చెప్పులు కూడా వేసుకోకుండా ఎర్మెక్ ఇంటికి పరుగెత్తాడు.

మధ్యాహ్నానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ మోకాలిలోతు నీళ్ళలో ఉన్నారు. కుల్పాష్ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎలా ఉంది?"

"నీళ్ళు," అన్నాడు.

"అంతేనా? దారిన పోయేవాళ్ళందరికీ లేని సముద్రాన్ని చూపించావు. ఉన్నదాన్ని నాకు చెప్పలేవూ?"

"నా పంతం మండిపోనూ. తప్పు చేశానే, కుల్పాష్."

"ఏడుపు ఇంటికెళ్ళి ఏడుద్దువుగాని. ముందు రంగు చెప్పు."

జల్గాస్ ముఖం తుడుచుకుని కిందికి చూశాడు. "నీ కాళ్ళ దగ్గర మట్టిరంగు," అని మొదలుపెట్టాడు. "కాస్త అవతల పచ్చగా ఉంది. ఆ పైన…"

"నెమ్మదిగా చెప్పు," అంది కుల్పాష్.