సోయితో ఆడడానికి నిజామాబాద్ దాకా

కల్లు మానేశాక నాకు నిద్ర పట్టేది కాదు. చేతులు వణికేవి, ఛాతీ మీద చెరకు మోపు పెట్టినట్టు ఉండేది. నిజామాబాద్‌లో చూపించుకుంటే డాక్టరమ్మ మందులు రాసి, వాటితో పాటు వారానికోసారి నాట్య చికిత్సకు పోయి రమ్మన్నది. మనసులో బిగుసుకున్నది ఒళ్ళు కదిలితే సడలుతుందట. ఏదో ఒకటి చేయకపోతే మళ్ళీ కల్లు దుకాణమే గతి అని నాకు తెలుసు. సిగ్గు చంపుకొని బయలుదేరాను.

బోధన్‌లో ఎనిమిదింటికి బస్సెక్కాను. యాభై రూపాయల లోపు టికెట్టు, గంట ప్రయాణం. ఎడపల్లి దాకా ఒకప్పుడు రోడ్డు పక్కన అంతా చెరకే. ఇప్పుడు వరి. నిజామాబాద్ బస్టాండు బయట వినాయక్‌నగర్‌కు ఆటో మాట్లాడితే అరవై అన్నాడు. డాన్సు క్లాసుకని చెబితే, మనవరాలిని తీసుకురావడానికా అని అడిగాడు. ఆడేది నేనే అన్నాను. అద్దంలో నన్ను ఒకసారి చూశాడు. "మంచిగుంది చాచా. మా ముసలి అబ్బాను గూడ తోల్కరావాలె. ఊకె గోడకు ఒరిగి కూసుంటడు."

మేడ మీద చిన్న గది. నలుగురైదుగురు బీడీలు చుట్టే ఆడవాళ్ళు, ఒక రిటైరైన పంతులు, నేను. నేర్పే అమ్మాయి పేరు సంధ్య. స్టెప్పులేమీ లేవు. ఊపిరి వదిలి, భుజాలు వదిలి, డప్పు మోతకు ఒళ్ళు ఎటు పోతే అటు పోనివ్వడమే. అందరూ కదిలారు. నా కాలు లేవలేదు. సంధ్య దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"బాపూ, ఇంతకుముందు ఎన్నడు ఆడలేదా?"

"ఆడిన. పెండ్లి బరాత్‌లల్ల."

"మరి ఇప్పుడేమైంది?"

"గప్పుడు తాగి ఉంటుంటి."

ఎవరూ నవ్వలేదు. బీడీల లక్ష్మక్క మాత్రం, "మేం బతుకమ్మ తాగి ఆడుతమా? ఇటు రా" అని పక్కకు జరిగి జాగా ఇచ్చింది. ముందు మడమ లేచింది. తరువాత మోకాలు. చేతులు వణుకుతూనే ఉన్నాయి, ఆ వణుకును కూడా ఆటలో కలిపేశాను. గంటకు అంగీ తడిసిపోయింది.

తిరుగు బస్సులో మా ఊరి గంగారాం పక్కన కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి కల్లు దుకాణంలో నా పక్కన కూర్చున్నవాడే. ఎక్కడికి పోయినవంటే దాచలేదు.

"ముసలితనంల గా గంతులేందే? ఊర్లె ఇంటే నవ్వరా?"

ఇదివరకైతే తల దించుకునేవాణ్ణి. ఈసారి దించలేదు.

"తాగి మోరీల పడ్డప్పుడు ఎవ్వలకు సిగ్గు గాలె. సోయి ఉండి ఆడితే మీకెందుకురా సిగ్గు?"

 బోధన్‌లో దిగాక వాడు కల్లు దుకాణం ముందు నా చేయి పట్టుకున్నాడు. ఒక్క సీసానే అన్నాడు. చేయి విడిపించుకున్నాను. లోపలున్నవాళ్ళంతా చూస్తుండగా రోడ్డు మీదనే రెండు చేతులూ ఎత్తి ఒక చుట్టు తిరిగాను. ఈలలు వేశారు. ఇంకో చుట్టు తిరిగి ఇంటిదారి పట్టాను.

ఒక్క రోజుకే నిద్ర వచ్చిందని అబద్ధం చెప్పను. ఎప్పటిలాగే మధ్యలో మెలకువ వచ్చింది. లేచి కూర్చుని, భుజాలు వదిలి, మళ్ళీ పడుకున్నాను. వచ్చే వారం కూడా పోతాను, ఆ పై వారం కూడా. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ. ఇన్నేళ్ళు కల్లు ఆడించిన ఒళ్ళు ఇది, ఇప్పుడు నేను ఆడిస్తాను. పోదామనుకునే నా ఈడువాళ్ళకు ఒక్క మాట: పంచె కట్టుకొని పోకండి, పైజామా వేసుకోండి. నేను సగం సేపు పంచె పట్టుకొనే ఆడాను.